వైరస్‌కు మందున్నదా?

 

పల్నాటిలో ఒక మిరప చేను గట్టు మీద నిలబడి ముడత తెగులు గురించి మాట్లాడుతున్నాము. నేను ఎప్పటి మాటే చెప్పాను: ఇది వైరస్ తెగులు, దీనికి మందు లేదు, దీనిని మోసుకొచ్చే తెల్లదోమను అదుపు చేసుకోవాలి, ముడుచుకున్న మొక్కలను మొదట్లోనే పీకి తగలబెట్టాలి అని. వెనక నిలబడిన ఒక పెద్దాయన ముందుకు వచ్చి ఇట్లా అడిగాడు:

"అయ్యా, మీరు ఎప్పుడొచ్చినా వైరస్‌కు మందు లేదంటారు. మొన్న మా అల్లుడికి నడుము మీద అక్కి లేచింది. డాక్టరుగారు వైరస్ మందని చెప్పి బిళ్ళలు రాసిచ్చారు. వారం రోజులు మింగాడు, తగ్గింది. మనిషికి ఉన్న మందు మిరపకు ఎందుకు లేదండీ? ఉండి మీరే చెప్పటం లేదా?"

అందరూ నవ్వారు గాని నాకు నవ్వు రాలేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆ పూట నేను పొడిపొడిగా ఏదో చెప్పి వచ్చేశాను. ఈ వ్యాసంలో దానికి సరియైన జవాబు చెప్పదలచాను. అంతేకాదు, ఆ బిళ్ళల వల్ల మా ఇంట్లోనే ఒక ఆపద వచ్చి తప్పింది. అందులో నా తప్పు కూడా ఉన్నది. దానిని దాచుకోకుండా చెబుతాను. నేను చదివింది వ్యవసాయ డిప్లొమా, డాక్టరును కాను. కనుక మందుల సంగతి రాసినంత మేరకు ఒక డాక్టరుగారికి చదివి వినిపించి, ఆయన దిద్దిన తర్వాతనే అచ్చుకు ఇచ్చాను.

ముందు ఈ వైరస్ అనేది ఏమిటో చూద్దాం. ఆకుమచ్చ, కాయకుళ్ళు వంటి తెగుళ్ళు బూజు వల్ల వస్తాయి. బూజుకు తన ఒళ్ళు తనకు ఉన్నది. తన తిండి తాను అరిగించుకుంటుంది, తన పిల్లలను తాను కంటుంది. బాక్టీరియా కూడా అంతే. కాబట్టి దాని ఒంటిలో ఉండి మన ఒంటిలో లేనిదేదో కనిపెట్టి, అక్కడ దెబ్బ కొట్టవచ్చు. పెన్సిలిన్ చేసే పని అదే. బాక్టీరియా తన చుట్టూ కట్టుకునే గోడను అది కట్టుకోనివ్వదు. మన జీవకణాలకు అటువంటి గోడ లేదు కనుక ఆ దెబ్బ మనకు తగలదు.

వైరస్‌కు సొంత ఒళ్ళంటూ లేదు. కొన్ని రాతలు రాసిన సన్నని పోగు ఒకటి, దాని చుట్టూ ఒక పొర, అంతే. విత్తనం కన్నా బీదది. విత్తనంలో మొలక బతకడానికి పిడికెడు తిండైనా ఉంటుంది, దీనిలో అదీ లేదు. బయట ఉన్నంతసేపు ఇది తినదు, పెరగదు, కదలదు. ఒక జీవకణంలోకి దూరిందంటే మాత్రం ఆ కణం సామగ్రితోనే, ఆ కణం చేతనే తన నకళ్ళు తీయిస్తుంది. కాకి తన గూటిలోని కోకిల గుడ్డును తన గుడ్డే అనుకుని పొదిగినట్టు, కణం తన పని మాని వైరస్ పని చేసిపెడుతుంది. కడకు ఆ కణం పాడవుతుంది, నకళ్ళు పక్క కణాల మీద పడతాయి.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. డెల్టా మాగాణుల్లో మినుము వేసే రైతులకు బంగారుతీగ సంగతి నేను చెప్పనక్కరలేదు. మొక్కకు చుట్టుకుని దాని రసం మీదనే బతుకుతుంది. తీగను లాగితే మినుము మొక్క కూడా చేతిలోకి వస్తుంది. వైరస్ ఇంకా లోపలికి, కణం నడిబొడ్డులోకి దూరి కూర్చుంటుంది. దానిని కొట్టే మందు మన కణాన్ని కూడా కొట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. వైరస్ మందులు బాక్టీరియా మందుల కన్నా ఆలస్యంగా రావడానికి, వచ్చినవి కూడా తక్కువగా ఉండటానికి ముఖ్యమైన కారణం ఇదే.

మరి అక్కి బిళ్ళ ఎట్లా పనిచేస్తున్నది?

అక్కిని కొన్ని వైపుల సర్పి అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవారికే ఇది వస్తుంది. ఆటలమ్మ తగ్గిపోయినా ఆ వైరస్ ఒంటిని విడిచిపోదు. వెన్నుపూస పక్కన ఉండే నరాల ముడులలో దాగి ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. వయసు మళ్ళినప్పుడో, ఒంటిలో సత్తువ తగ్గినప్పుడో మళ్ళీ లేచి, ఒక నరం వెంబడి చర్మం మీదికి వస్తుంది. అందుకే అక్కి ఒంటికి ఒక పక్కనే, పట్టీ వేసినట్టు వస్తుంది. ముందు మంట, పోటు. రెండు మూడు రోజులకు నీటి పొక్కులు.

దీనికి వాడే మందు పేరు ఎసైక్లోవిర్. దీని పనితనం తెలుసుకుంటే తక్కిన వైరస్ మందుల తీరు కూడా చాలావరకు బోధపడుతుంది. ఏ జీవికైనా వంశపు రాత ఒక పొడుగాటి గొలుసు రూపంలో ఉంటుంది. నాలుగు రకాల కడియాలు ఒకదానికొకటి తగిలించుకుంటూ పోతే ఆ గొలుసు అవుతుంది. ప్రతి కడియానికి ముందొక కొక్కెం, వెనకొక కొక్కెం ఉంటాయనుకోండి. వైరస్ నకలు తీయడమంటే కొత్త గొలుసు అల్లడమే. ఎసైక్లోవిర్ ఆ నాలుగింటిలో ఒకదానిని పోలిన దొంగ కడియం. ముందు కొక్కెం ఉంది, వెనక కొక్కెం లేదు. వైరస్ దానిని మంచిదనుకుని గొలుసుకు తగిలిస్తుంది. ఇక తరువాతి కడియం తగిలించడానికి చోటుండదు. గొలుసు అక్కడికి ఆగిపోతుంది.

అయితే మన కణాలు కూడా తమ గొలుసులు అల్లుకుంటాయి కదా, వాటికి ఈ దొంగ కడియం చేటు చేయదా అని అడగవచ్చు. అక్కడే ఈ మందులోని నేర్పు ఉన్నది. కడియాల మీద మూడు ముద్రలు పడితే గాని గొలుసులోకి ఎక్కవు. ఎసైక్లోవిర్ మీద మొదటి ముద్ర వేసే గుమాస్తా వైరస్ తన వెంట తెచ్చుకున్నవాడు. మన కణం గుమాస్తా ఆ కడియాన్ని దాదాపు ముట్టడు. కాబట్టి వైరస్ దూరిన కణంలోనే మందు మేలుకుంటుంది, దూరని కణంలో నిద్రపోయి ఉంటుంది. వరిని వదిలి ఊదను చంపే కలుపుమందులు మీరు చూసినవే. ఇది అటువంటి ఎంపిక గల మందు.

దొంగ ముక్కను పెట్టి మోసం చేయడమనే ఉపాయం మన తెలుగువారికి కొత్తది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పనిచేస్తూ, 1940లలో ఒక విటమినును పోలిన దొంగ పదార్థాన్ని తన బృందం చేత తయారు చేయించారు. పిల్లల రక్తపు కాన్సరు మీద పనిచేసిన తొలి మందులలో అది ఒకటి. ఎసైక్లోవిర్ పని తీరును 1970లలో విడమరచి చూపిన బృందానికి పెద్ద గెర్‌ట్రూడ్ ఎలియన్ అనే ఆవిడ. ఆమెకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె డాక్టరేటు పట్టా చదువు పూర్తి చేయలేదు. డిప్లొమావాణ్ణి కనుక ఆ సంగతి నాకు గుర్తుండిపోయింది.

ఇప్పుడు మిరప పెద్దాయన ప్రశ్నకు జవాబు సులువవుతుంది. అక్కి వైరస్ పెద్ద సంసారం. దానికి 70 దాకా వంశాంశాలు ఉన్నాయి. వంశాంశం అంటే ఒక్కొక్క పనిముట్టును తయారు చేసుకునే రాత. గొలుసు అల్లే పనిముట్టు, ముద్ర వేసే గుమాస్తా అన్నీ దానికి సొంతం. సొంత పనిముట్టు ఉంది కాబట్టే దానిని గురిచూసి కొట్టగలిగాము. మిరప ముడత వైరస్‌కు ఉన్నవి ఆరేడు వంశాంశాలే. గొలుసు అల్లే పనిముట్టు కూడా దానికి లేదు. మిరప మొక్క పనిముట్టునే వాడుకుంటుంది. ఆ పనిముట్టును కొడితే మిరప చస్తుంది. దోచుకోవడానికి ఏమీ లేని బీదవాడి ఇంట్లో దొంగకు ఏం పని ఉంటుంది, అట్లాగే మందుకు కూడా అక్కడ గురి దొరకదు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. మనిషి అయితే ఒక్కడు. బిళ్ళ మింగితే నెత్తురు దానిని ఒళ్ళంతా తిప్పుతుంది, మిగిలినది మూత్రంలో పోతుంది. మొక్కకు నెత్తురూ లేదు, మూత్రపిండాలూ లేవు. ఎకరంలో వేల మొక్కలు. ఆకు మీద చల్లినది కణం లోపలికి చేరాలి, చేరినది పంటలో మిగిలిపోరాదు, ఖర్చు గిట్టుబాటు కావాలి. రిబావిరిన్ అనే వైరస్ మందును ప్రయోగశాలల్లో గాజు సీసాలలో పెంచే చిన్న మొలకల మీద వాడి, వైరస్ లేని బంగాళాదుంప తల్లిమొక్కలు తీయడం ఉన్నది. పొలంలో చల్లడానికి అది పనికిరాదు. కాబట్టి దుకాణంలో ఎవరైనా సీసా చూపించి ఇది మిరపకు వైరస్ మందు అంటే, తెల్లదోమ మందా, పోషకమా, ఏమిటో చీటీ మీద చదివించండి. వైరస్ పట్టిన మొక్కను బాగుచేసే మందు ఇవాళ్టికి లేదు. నారుమడి మీద నైలాను వల, చేను చుట్టూ రెండు మూడు వరుసల జొన్నగాని మొక్కజొన్నగాని, పసుపు జిగురు అట్టలు, తొలి రోజుల్లోనే రోగపు మొక్కలను పీకడం - చేయగలిగింది ఇదే.

ఇక మా ఇంటి సంగతి.

నేను పుట్టింది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. కొబ్బరి, జీడి, పనస తోటల సీమ. అక్కడి పల్లెల్లో ఏళ్ళ తరబడి మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న సంగతి మీరు వినే ఉంటారు. చక్కెర జబ్బూ, రక్తపుపోటూ లేనివారికి కూడా వస్తున్నది. అసలు కారణం ఇంకా తేలలేదు. మొదట్లో బాధేమీ ఉండదు, రక్తపరీక్ష చేస్తేనే బయటపడుతుంది.

నాలుగేళ్ళ క్రితం వేసవిలో, జీడిపిక్కలు ఏరే రోజుల్లో, మా పెదనాన్నగారికి కుడి చంక కింద మంట మొదలయింది. బస్తా ఎత్తినప్పుడు నరం పట్టిందనుకున్నారు. మూడో రోజున పొక్కులు లేచాయి. అక్కి అని గుర్తుపట్టి, ఎర్రమన్నుతో అక్కి రాయించుకున్నారు. మూడు పొద్దులు రాయించారు. నొప్పికి ఊళ్ళో సూదిమందు పొడిపించుకున్నారు, పూటకొకటి చొప్పున.

అక్కి రాయించడాన్ని నేను వెక్కిరించను. మా అమ్మకు, మా తాతకు కూడా రాయించారు. రాసిన తర్వాత తగ్గింది కూడా. అయితే అక్కి చాలామందికి రెండు నుండి నాలుగు వారాల్లో తనంతట తానే మానుతుంది; రాసినా మానుతుంది, రాయకున్నా మానుతుంది. పేరు మాత్రం మట్టికి వస్తుంది. చితికిన పొక్కుల మీద మన్ను పూయడం వల్ల చీము పట్టవచ్చు, అది ఒక నష్టం. అంతకన్నా పెద్ద నష్టం, మూడు పొద్దులు పోవడం.

ఎందుకంటారా? దొంగ కడియం సంగతి మళ్ళీ తలచుకోండి. ఆ మందు వైరస్‌ను చంపదు, కొత్త నకళ్ళను ఆపుతుంది. తయారైపోయిన నకలును అదేమీ చేయలేదు. చెడిపోయిన నరాన్ని బాగుచేయలేదు. కాబట్టి నకళ్ళు తామరతంపరగా పుడుతున్న మొదటి రోజుల్లో వేస్తేనే ఫలితం. అక్కికి పొక్కులు కనిపించిన 72 గంటల లోపల మొదలుపెట్టమని డాక్టర్లు చెబుతారు. అప్పుడు పొక్కులు తొందరగా ఎండుతాయి, పోటు తగ్గుతుంది. గడువు దాటినా కొత్త పొక్కులు లేస్తూనే ఉంటే ఇస్తారు. నుదుటి మీద, కంటి రెప్ప మీద, ముక్కు కొన మీద అక్కి లేస్తే గడువు లెక్క చూడకుండా ఆ రోజే కంటి డాక్టరు వద్దకు పోవాలి. చూపు పోయే ప్రమాదం ఉన్నది. పొక్కుల్లోని నీరు తగిలితే ఆటలమ్మ పోయనివారికి ఆటలమ్మ వస్తుంది కనుక, పక్కులు కట్టేదాకా గర్భవతులను, పసిపిల్లలను దగ్గరకు రానీయకూడదు.

పొక్కులు లేచిన నాలుగో రోజున నేను సెలవు మీద ఇంటికి వెళ్ళాను. చూడగానే ఇది వైరస్ జబ్బని తెలుసు, మందు ఉన్నదనీ తెలుసు. ఇంకా ఆలస్యం చేయకూడదని ఆ సాయంత్రమే పక్క ఊరి మందుల దుకాణానికి వెళ్ళి, డాక్టరు చీటీ లేకుండానే, అక్కికి వైరస్ బిళ్ళలు కావాలని అడిగి తెచ్చాను. 800 మిల్లీగ్రాముల బిళ్ళ, రోజుకు అయిదు, ఏడు రోజులు. దుకాణంలో చెప్పిన మోతాదు పుస్తకాల్లో ఉన్నదే. మంచి మూత్రపిండాలు ఉన్న పెద్దవారికి డాక్టర్లు రాసేది కూడా అదే. పురుగుమందు ఎకరానికి ఎంత, లీటరుకెంత అని ఊరూరా చెప్పేవాణ్ణి, డీలరు మాట మీద మందు కొనవద్దని మీకు చెప్పేవాణ్ణి, నేనే దుకాణం మాట మీద కొన్నాను. పెదనాన్నగారి మూత్రపిండాలు ఎట్లా ఉన్నాయో పరీక్ష చేయించాలని నాకు తోచలేదు. ఉద్దానంలో పుట్టి కూడా తోచలేదు.

మూడో రోజుకు ఆయన మాట తేడా వచ్చింది. ఎప్పుడో చచ్చిపోయిన ఎద్దులను పేరు పెట్టి పిలవడం, గాలిలో దారాలు లాగుతున్నట్టు వేళ్ళు ఆడించడం, చేతులు ఉలిక్కిపడటం. మా పెద్దమ్మ, "ఒరే బాబూ, మీ పెదనాన్నకి గాలి సోకినట్టుందిరా" అని ఏడ్చింది. భూతవైద్యుడిని పిలుద్దామన్నారు కొందరు. నాకు ఒక్కటే అనుమానం తగిలింది: కొత్తగా ఒంట్లోకి పోయినదేమిటి? బిళ్ళల అట్ట జేబులో పెట్టుకుని, ఆయనను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాము. అక్కడి డాక్టరమ్మ అట్ట చూసి రెండే ప్రశ్నలు వేసింది. "నొప్పికి సూదులేమైనా వేయించారా? నీళ్ళు ఏపాటి తాగుతున్నాడు?"

ఆ రెండు ప్రశ్నలలోనే ఈ మందు చెడుగుణాలలోని అసలు సంగతి ఉన్నది. ఎసైక్లోవిర్ వల్ల వికారం, వాంతి, విరేచనాలు, తలనొప్పి కొందరికి వస్తాయి. అవి ఇబ్బందే గాని చాలామందికి భయపడవలసినవి కావు. మింగినదానిలో ఎక్కువ భాగం, నూటికి 80 పాళ్ళు దాకా, నెత్తురులోకి ఎక్కకుండానే మలంలో పోతుంది. ఎక్కినది కొన్ని గంటల్లోనే మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. అందుకే రోజుకు అయిదుసార్లు మింగవలసి వస్తుంది. అంటే మందు బయటికి పోయే తూము మూత్రపిండాలే. తూము పూడి ఉన్నప్పుడు మడికి నీరు పెడుతూనే ఉంటే ఏమవుతుంది? గట్టు తెగుతుంది. మందు నెత్తురులో పేరుకుని మెదడుకు ఎక్కుతుంది. మతి తప్పడం, లేనివి కనిపించడం, వణుకు అందువల్లనే. నీళ్ళు తక్కువైతే మందు మూత్రపిండాల సన్నని గొట్టాలలో సూదుల వంటి పలుకులుగా పేరుకుని, ఉన్న తూమును కూడా మూసివేయగలదు. పైగా నొప్పి తగ్గడానికి వాడే డైక్లోఫినాక్ వంటి సూదులు మూత్రపిండాలకు పోయే నెత్తురును తగ్గిస్తాయి. మూడూ ఒక్క మనిషి మీద పడ్డాయి: బలహీనమైన మూత్రపిండాలు, వేసవి ఎండలో వికారంతో నీళ్ళు తాగకపోవడం, పూటకొక నొప్పి సూది.

బిళ్ళలు, సూదులు ఆపివేసి సెలైను ఎక్కించారు. రక్తంలో క్రియాటినిన్ చూశారు. అది ఉండవలసిన దానికన్నా బాగా ఎక్కువ ఉన్నది. ఆయన మూత్రపిండాలు ముందునుంచే దెబ్బతిని ఉన్నాయని అప్పుడు మాకు తెలిసింది. నాలుగో రోజున పెద్దమ్మను గుర్తుపట్టి, జీడిపిక్కలు తూకం వేశారా అని అడిగారు. మూత్రపిండాలు బలహీనమైనవారికి ఈ మందు ఇవ్వకూడదని కాదు. అయిదు పూటలను మూడుకో, రెండుకో తగ్గించి ఇస్తారు. ఆ లెక్క రక్తపరీక్ష చూసి డాక్టరు వేయవలసినదే గాని దుకాణంలో తేలేది కాదు. నీళ్ళ సంగతి కూడా అంతే. మామూలు మనిషి మూత్రం పలుచగా వచ్చేట్టు పుష్కలంగా తాగాలి. గుండె జబ్బు, కాళ్ళ వాపు ఉన్నవారు ఎంత తాగాలో అడిగి తాగాలి.

తక్కిన వైరస్ మందుల మాట కొంచెం చెప్పి ముగిస్తాను. ప్రతి మందుకూ తన గురి వేరు, తన చెడుగుణం వేరు. ఫ్లూ జ్వరానికి వాడే ఒసెల్టామివిర్ గొలుసు జోలికి పోదు. తయారైన నకళ్ళు కణం గడప దాటి బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది. 48 గంటల లోపల వేస్తే మేలు. దానితో వికారం, వాంతులు ఎక్కువ, ఏదైనా తిని వేసుకుంటే తగ్గుతాయి. ఆ మందు అక్కికి పనికిరాదు, అక్కి మందు ఫ్లూకు పనికిరాదు. మామూలు పడిశానికి, డెంగూ జ్వరానికి ఇవాళ్టికీ వైరస్ మందు లేదు. డెంగూలో డైక్లోఫినాక్ వంటి నొప్పి మందులు వేస్తే రక్తస్రావం కావచ్చు కనుక అవి అసలే వద్దు.

ఎయిడ్స్ వైరస్‌కు మొదటి మందు 1987లో వచ్చింది. జైడోవుడిన్ అనే అదీ దొంగ కడియమే. అయితే అక్కి బిళ్ళలోని ఎంపిక దానికి లేదు. మన నెత్తురు తయారయ్యే మజ్జను కూడా తాకి రక్తం తగ్గించేది. ఇప్పుడు మంచివి వచ్చాయి, మూడు మందులు కలిపిన ఒక్క బిళ్ళ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. అందులోని టెనోఫోవిర్ వల్ల కొందరికి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు కనుక రక్తపరీక్షలు చేయిస్తుంటారు. ఈ బిళ్ళ బతికినన్నాళ్ళు వాడవలసినదే. కాలేయాన్ని పట్టే బి రకం కామెర్ల వైరస్‌కు కూడా ఇదే జాతి మందులు. ఒంట్లో బాగుంది కదా అని చెప్పకుండా మానేస్తే జబ్బు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. సి రకం కామెర్లు మాత్రం 12 వారాల బిళ్ళలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతున్నాయి. వైరస్ మందులలో ఇంత గొప్ప గెలుపు మరొకటి లేదని నా అభిప్రాయం.

పూట తప్పించి పూట వేసుకునేవారికి ఇంకొక ప్రమాదం. 1987-88లో మన పత్తి రైతులను శనగపచ్చ పురుగు ఎట్లా ముంచిందో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు పదేపదే కొట్టేసరికి వాటికి చావని పురుగు తయారయింది. వైరస్ కూడా అంతే. సగం మందులో బతికిన నకలు మందుకు లొంగని నకలవుతుంది. కోళ్ళు పెంచేవారు ఈ మాట ప్రత్యేకించి వినాలి. చైనాలో కోళ్ళకు బర్డ్‌ఫ్లూ రాకుండా, మనుషులకు వాడే అమాంటడిన్ అనే మందును దాణాలోనూ నీళ్ళలోనూ కలిపి వాడిన సంగతి 2005లో బయటపడింది. అక్కడి బర్డ్‌ఫ్లూ వైరస్ చాలావరకు ఆ మందుకు లొంగనిదై కూర్చుంది. అమెరికాలో 2006లో కోళ్ళకు, బాతులకు ఆ జాతి మందులు, ఒసెల్టామివిర్ జాతి మందులు వాడకుండా నిషేధించారు. కోళ్ళఫారానికి మనుషుల బిళ్ళలు ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. విస్తరణ ఉద్యోగులు అటువంటి సలహా పొరపాటున కూడా ఇవ్వకూడదు.

పశువుల గాలికుంటు, గొర్రెల పారుడు, ముద్దచర్మ వ్యాధి వీటికి పశువైద్యుడు ఇచ్చే యాంటిబయోటిక్ సూది వైరస్ కోసం కాదు. పుండులో చేరే బాక్టీరియా కోసం. వీటికి రక్షణ టీకాయే. 2022లో ముద్దచర్మం దేశమంతా తిరిగినప్పుడు మేకల మశూచి టీకా వేసి మందలను కాపాడుకున్నాము. రిండర్‌పెస్టు అనే పశువుల మహమ్మారిని 2011 నాటికి ప్రపంచంలోనే లేకుండా చేసింది టీకాయే గాని మందు కాదు. అక్కికి కూడా 50 ఏళ్ళు దాటినవారి కోసం రెండు మోతాదుల టీకా మన దేశంలో 2023 నుండి దొరుకుతున్నది. ధర మాత్రం మన బోటివారికి ఎక్కువే.

మా పెదనాన్నగారికి పొక్కులు మానాయి గాని, చంక కింద మంట పూర్తిగా పోలేదు. వయసు మళ్ళినవారికి అక్కి తర్వాత అట్లా మిగలడం ఉంటుంది. చొక్కా తగిలినా ఉలిక్కిపడతారు. ఎండాకాలం తువ్వాలు కూడా భుజాన వేసుకోరు. చొక్కా వేసుకున్న రోజున మాత్రం జేబులో ఒక చీటీ ఉంటుంది. అందులో క్రియాటినిన్ అంకె, పరీక్ష చేయించిన తేదీ రాయించుకున్నారు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా, పంటి నొప్పికి పోయినా సరే, జబ్బేమిటో చెప్పకముందే ఆ చీటీ తీసి బల్ల మీద పెడతారు.